కుట్టేసిన పేజీలు

తారణ సంవత్సరం, ఆషాఢ బహుళ తదియ

సుశీల ఇంటికి వచ్చింది. నా బిడ్డ నా ఇంటికి వచ్చింది. సంతోషంతో చెయ్యి నిలవక అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ, చూసేది నేనే కదా.

అత్తగారి ఊరు ప్రజ్ఞాపూర్ నుంచి కచ్చురం బండిలో వరిగడ్డి మందంగా పరిచి, పైన బొంతలు వేసి, ఎద్దులను ఉరకనీయకుండా అల్లుడు రాజం పక్కనే నడుచుకుంటూ తెచ్చాడు. పిల్లలకు చదువు చెప్పే మనిషి, అంత దూరం నడిచే అలవాటు ఎక్కడిది. కాళ్లు బొబ్బలెక్కాయి. బంగారం లాంటి అల్లుడు. సుశీలకు ఇప్పుడు ఐదో నెల. కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దని దవాఖాన డాక్టరమ్మ చెప్పిందట. దిగితే ఇది కూడా నిలవదన్నదట.

"ఇది కూడా" అన్న మాట రాజం వాకిట్లో నాతో మెల్లగా అన్నాడు. లోపల పొయ్యి దగ్గరున్న లచ్చవ్వకు వినబడింది. నా భార్య చెవులు అలాంటివి.

"గా ముచ్చట ఇంట్ల తియ్యకున్రి. ఇంతకుముందు ఏం గాలే. గిదే మొదటి కాన్పనుకోన్రి" అంది.

అలాగే అనుకున్నాం. ఇదే మొదటి కాన్పు.

కార్తీకం దాకా నా బిడ్డ నా కళ్ల ముందే ఉంటుంది. ఏ పనీ లేకపోయినా పొద్దున్నుంచి లోపలి గదిలోకి ఎన్నిసార్లు వెళ్లొచ్చానో.

ఆషాఢ బహుళ సప్తమి

యుద్ధం మూలంగా నూలు రావడం లేదు. మా మగ్గం గుంటలో పిల్లి పడుకుంటోంది. వీధిలో సాలెవాళ్లంతా మొహాలు వేలాడేసుకున్నారు. నేనూ వేలాడేసుకునే బయటికి వెళ్తున్నాను. ఇంట్లోకి రాగానే మామూలే.

ఇవాళ సుశీల మంచం దిగి చీపురు పట్టుకుంది. లచ్చవ్వ చీపురు గుంజుకుని అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు వచ్చారు.

"పండుకుంటె వాసాలే కనవడుతున్నయి బాపు. పండుకొని ఏం జెయ్యాలె? ఊకె పండుకుంటె ఏవేవో యాదికొస్తున్నయి" అంది.

ఏం గుర్తొస్తున్నాయని నేను అడగలేదు. ఎండ బాగా కాస్తోందని ఏదో అన్నాను.

ఆషాఢ బహుళ నవమి

సుశీలకు ఒక నవల కావాలట. అక్కడ మొదలుపెట్టిందట, చాలా పెద్దదట, నలభై పేజీలు చదివేసరికి ప్రయాణం వచ్చిందట. మంత్రసాని కొండవ్వ మాత్రం ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్న ఆడది పడుకుని అక్షరాలు చూస్తే కళ్లు గుంజుతాయని, పుట్టిన పిల్లకు కూడా మెల్లకన్ను వస్తుందని అంది. లచ్చవ్వకు కొండవ్వ మాటంటే మాటే.

"అయితె బాపు చదువుతడు" అంది సుశీల.

"మీ బాపు సదివింది సాతాని అయ్య దగ్గర ఇసుకల" అని లచ్చవ్వ నవ్వింది.

నిజమే, ఇసుకలో వేలితో దిద్దిన అక్షరాలే. తరువాత ఉర్దూ నాలుగో తరగతి దాకా. కానీ శ్రావణమాసం మా మార్కండేయుడి గుడిలో పురాణం చదివేది ఎవరు? నేనే. చదువుతానన్నాను. అప్పుడు నా బిడ్డ ఒక ఒప్పందం పెట్టింది. నేను చదివినన్ని రోజులు తను మంచం దిగదు. నేను ఆపితే మాత్రం లేస్తుంది.

ఇంతకంటే సులువైన బేరం ఎక్కడైనా ఉందా.

ఆషాఢ బహుళ దశమి

గ్రంథాలయం ఇస్తారి నవల తీసిచ్చాడు. అట్ట లేదు, పేరున్న పేజీ లేదు. ఇటుకంత ఉంది.

"కాకా, గీ బుక్కు పట్టుకపోయినోళ్లంత వారం దిరగకముందే మల్ల తెచ్చిస్తరు. సగం జదివినోన్ని ఇప్పటిదాంక నేను సూడలే" అన్నాడు.

"ఇగ చూస్తవు" అన్నాను.

"సూస్త గని, తలకాయ కింద వెట్టుకొని పండుకుంటందుకు గూడ మంచిగుంటది, గది గుర్తువెట్టుకో."

ఆషాఢ అమావాస్య

మొదటి వాక్యం ఇంకా అవలేదు.

శ్రావణ శుద్ధ విదియ

అయింది. పేజీంపావు వాక్యం. అందులో ఒక నది, దాని ఒడ్డు, ఒడ్డు మీద మేడ, మేడ మీద వెన్నెల, వెన్నెలలో ఎవరో వస్తున్నారు. ఎవరు వస్తున్నారో చివరికి గానీ చెప్పడు. అక్కడికి చేరేసరికి నది పేరు మరిచిపోయాను. మళ్లీ మొదటికి వెళ్లాను. ఈ రాసినాయన ఎవరో మహానుభావుడు, ఒక్క మాట సరిపోయే చోట ఏడు మాటలు కలిపి ముడివేసి పెట్టాడు. ఒక్కొక్క ముడీ విప్పి చదవాలి. మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక రెండుసార్లు దగ్గొచ్చింది.

అయినా నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. సుశీల పడుకునే ఉంది.

శ్రావణ శుద్ధ షష్ఠి

నేను పురాణం రాగంలో చదువుతున్నానని సుశీల పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు పుస్తకమంటే ఆ రాగమే వస్తుంది మరి. ఇవాళ అధ్యాయం చివర అలవాటు కొద్దీ మంగళం కూడా పాడాను. అక్కడేమో దివాన్జీ దస్త్రాలు దొంగిలిస్తున్నాడు.

"దొంగతనానికి మంగళారతి వట్టినవు బాపు" అంది.

"పొట్ట వట్టుకొని నవ్వకు, పొట్ట వట్టుకొని నవ్వకు" అంటూ లచ్చవ్వ పరుగెత్తుకొచ్చింది. తనూ నవ్వుతోంది.

శ్రావణ శుద్ధ ద్వాదశి

ఒక సంగతి రాసుకోవాలి. పురాణం చదివేటప్పుడు చావు దగ్గర, వనవాసం దగ్గర పుస్తకం మూయకూడదు. పుట్టుకో, పెళ్లో, పట్టాభిషేకమో వచ్చేదాకా చదివి అక్కడ ఆపాలి. మా నాయిన నాకు అదే నేర్పాడు. గుడిలో ఏనాడూ తప్పలేదు. ఈ నవలకు కూడా అదే నియమం పెట్టుకున్నాను, ఇంట్లో ఉన్నది వట్టి మనిషి కాదు కదా.

ఈ రాసినాయనకు మాత్రం ఆ నియమం ఎవరూ చెప్పినట్టు లేదు. నిన్న ఇల్లు తగలబడిన చోట ఆపలేక, మంచి జరుగుతుందేమోనని చదివితే, వరద వచ్చింది. వరద తరువాత దావా. ఎవరో ఒకామె తులసికి నీళ్లు పోసే దాకా చదివి, ఇది శుభమే అనుకుని మూశాను. గొంతు పోయింది. లచ్చవ్వ మిరియాల పాలు ఇచ్చింది.

శ్రావణ బహుళ చవితి

ఇప్పుడు నవల దారిలో పడింది. కథలో పెద్దామె సౌదామిని. ఆమెకు ప్రభాకరుడని కొడుకు పుట్టాడు, ఐదేళ్లవాడయ్యాడు. ఏం పిల్లవాడు. తాత తలపాగాలో మామిడిపండు దాచాడు. దివాన్జీని గుర్రంలా ఎక్కాడు. వాడు వచ్చిన పేజీల్లో నాకు మాటలు కూడా కష్టంగా అనిపించడం లేదు. లచ్చవ్వ చాటలో బియ్యం పోసుకుని గడప దగ్గర కూర్చుంటోంది. వినడం లేదంటుంది. రాళ్లు ఏరడం అయిపోయిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది.

"ఇయ్యాల పిలగాడు రాలేదేంది?" అని కూడా అడిగింది.

కడుపులో బిడ్డ బాగా కదులుతోందని సుశీల చెప్పింది. నా చెయ్యి పట్టుకుని పెట్టింది కూడా. కదిలింది. రాయడానికి నాకు ఆ రాసినాయనకున్నన్ని మాటలు లేవు.

శ్రావణ బహుళ ఏకాదశి

కష్టమైన మాటలు నోటికి తిరగాలని పొద్దున్నే అరుగు మీద ఒక అధ్యాయం ముందుగా చదువుకుంటాను. ఇవాళ కూడా చదువుకున్నాను.

ప్రభాకరుడు జ్వరం వచ్చి పోయాడు.

రెండోసారి చదివాను, నాకే సరిగా అర్థం కాలేదేమోనని. అర్థమైంది. అధ్యాయమంతా అదే.

శ్రావణ బహుళ ద్వాదశి

గొంతు బాగాలేదని చెప్పి నిన్న చదవలేదు. సుశీల లేచి కూర్చుంది. కాళ్లు కింద పెట్టబోయింది.

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే దారం, సూది తీసుకుని ఆ అధ్యాయం పేజీలన్నీ కలిపి అంచుల వెంట కుట్టేశాను. తెల్ల నూలుతో సన్నగా కుట్టాను. చూస్తే రెండు మందపు పేజీలు అతుక్కున్నట్టే ఉంది. పుస్తకం చింపలేదు, ఒక్క అక్షరం పాడు చేయలేదు. తరువాత కుట్టు విప్పితే ఎప్పటిలా ఉంటుంది. చదవకపోవడం అబద్ధం కాదు కదా. పెళ్లి భోజనాల అధ్యాయం చదివాను. బాగా సాగింది.

భాద్రపద శుద్ధ తదియ

"బాపు, ప్రభాకరుడు ఏడికి వోయిండు? ఆరు దినాలాయె, కనవడుతలేడు" అని సుశీల అడిగింది.

"చదువుకు వోయిండు బిడ్డా" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"ఏ ఊరికి?"

"కాశీకి."

"ఐదేండ్ల పిలగాన్ని కాశీకి తోలిన్రా?"

"పెద్దోళ్ల ఇండ్లల్ల గట్లనే తోలుతరు" అని లచ్చవ్వ గడప దగ్గరి నుంచి అంది. నేను దాని మొహం చూశాను. అది బియ్యం చూస్తోంది. ఏం జరిగిందో గ్రహించింది. చెప్పాను కదా, దాని చెవులు అలాంటివని.

భాద్రపద శుద్ధ దశమి

ప్రభాకరుడి సంగతులు రోజూ కొంచెం కలపాల్సి వస్తోంది. కలిపినవి మరిచిపోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. కాశీలో గురువు పేరు పరమేశ్వర శాస్త్రి. ప్రభాకరుడికి మొదట అక్కడి నీళ్లు పడలేదు, తరువాత పడ్డాయి. ఈత నేర్చాడు. ఒక కుక్కపిల్లను పెంచుతున్నాడు. లెక్కల్లో మొదటివాడు.

నిజం రాస్తే, వీడు ఆ పుస్తకంలోని పిల్లవాడికంటే బాగా వస్తున్నాడు. ఇవాళ వాడికి గురువుగారి మెప్పు దొరికిందని చదువుతుంటే (చదువుతుంటే అని రాశాను, సరే) నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

భాద్రపద బహుళ పాడ్యమి

రాజం చూడటానికి వచ్చాడు. గంప నిండా సీతాఫలాలు తెచ్చాడు. పుస్తకం తిరగేస్తుంటే కుట్టు అతని కంటపడింది. పక్కకు పిలిచి చెప్పాను.

"మంచి పని చేసిన్రు మామా" అన్నాడు.

తరువాత సుశీల అతన్ని ఏదో అడుగుతున్నట్టు వినబడింది. చాలా చిన్నగా అడుగుతోంది. అతను ఎద్దులకు నీళ్లు పెట్టాలని బయటికి వచ్చేశాడు. నీళ్లు నేను అప్పటికే పెట్టాను. మళ్లీ పెట్టాడు. అవి తాగలేదు.

భాద్రపద బహుళ అష్టమి

తిప్పలు. సౌదామిని ప్రతి పేజీలో ఏడుస్తోంది. కొడుకు కాశీలో లెక్కల్లో మొదటివాడైతే ఆమె ఎందుకు ఏడవాలి? కళ్లకలక అని చెప్పాను.

ఆశ్వయుజ శుద్ధ అష్టమి

సద్దుల బతుకమ్మ. సుశీల వెళ్లలేదు కాబట్టి వీధి ఆడవాళ్లే బతుకమ్మలను మా వాకిట్లో పెట్టి ఆడారు. లోపలి గది తలుపులు రెండూ తీసి, మంచం అటు తిప్పాం. పడుకునే చప్పట్లు కొట్టింది. తంగేడు పూలు ఇంటి నిండా. అందరూ చెరువుకు పోయాక కూడా వాకిలి పసుపుగా ఉంది. ఎనిమిదో నెల. ఎనిమిదో నెల వచ్చేసింది.

రాయకూడదు గానీ రాస్తాను. ఇంతకుముందు రెండుసార్లూ ఏడో నెల దాటలేదు.

ఆశ్వయుజ బహుళ విదియ

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

దసరా వెళ్లాక మిగిలిన పనుల్లో పడి పొద్దున ముందుగా చదువుకోలేదు. నేరుగా సుశీల దగ్గర కూర్చుని చదివాను. ఆ అధ్యాయంలో సౌదామిని అటకమీది ఉయ్యాల దింపించి, తుడిచి, ఒక బీద ఇల్లాలికి ఇచ్చేస్తుంది. ఇచ్చాక ఖాళీ కొక్కేలు చూస్తూ నిలబడుతుంది. చదువుతూ చదువుతూ మధ్యలో గ్రహించాను, కానీ అప్పటికే నోట్లోంచి వచ్చేసింది.

"ఉయ్యాల ఎందుకిచ్చింది బాపు?"

"పిలగాడు పెద్దోడైండు గద బిడ్డా. ఇరుకైతది."

సుశీల చెయ్యి చాపింది. పుస్తకం ఇచ్చాను, ఇవ్వకుండా ఎట్లా. పేజీలు తిప్పుతూ వెనక్కి పోయింది. కుట్టు దగ్గర ఆగింది. దారం కొస మీద వేలు పెట్టింది. చిన్నప్పుడు మగ్గం మీద తెగిన పోగులు నా పక్కన కూర్చుని అతికిన పిల్ల.

"గిది నీ ముడే బాపు" అంది.

నేను తల దించుకున్నాను.

"పిలగాడు సచ్చిపోయిండు గదా."

"ఎందుకు బిడ్డా గా మాటలు. శుభం గాదు."

"గా శుభం కోసమే గదా అందరు నోరు మూసుకున్నది. నేను రెండుసార్లు గన్న. మీరు గుడ్డల చుట్టి పట్టుకపోయిన్రు. నాకు మొకం గూడ సరిగ చూపియ్యలే. మల్ల ఒక్కరు మాట తియ్యలే. ఆయిన తియ్యలే, అవ్వ తియ్యలే, నువ్వు తియ్యలే. గీ బుక్కుల ఒక్కతి ఏడుస్తున్నది, దాన్ని గూడ నాకు కనవడకుంట కుట్టేస్తివి."

అరవలేదు. మంచినీళ్లు అడిగినట్టు అంది. నాకు అదే భరించడం కష్టమైంది.

"ఇప్పుడది చదువు" అంది.

"కాన్పయినంక చదువుత బిడ్డా. ఒట్టు."

"ఇప్పుడు చదువకుంటె నేను లేస్త. మన మాట గదే గదా."

లచ్చవ్వ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "చదివినవంటె నేను ఇంట్ల ఉండ. ఎనిమిదో నెల పిల్లకు సావు సదివి వినిపిస్తవా? నీకు మతి ఉన్నదా?" అంది. సుశీల ఒక మోకాలు మంచం మీది నుంచి దించింది.

నేను కుట్టు పళ్లతో కొరికి తెంపాను. దారం లాగాను. లచ్చవ్వ రెండు చెవులూ మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

చదివాను. రాగం రాలేదు. ఒక చిత్రం చెప్పాలి. ఇన్ని రోజులు నన్ను కొండలెక్కించిన ఆ మహానుభావుడు ఈ ఒక్క అధ్యాయంలో మాత్రం మనం మాట్లాడుకునే మాటలే రాశాడు. పిల్లవాడు నీళ్లు అడిగాడు. తల్లి తెచ్చేసరికి అడగడం మానేశాడు. తాత వాడిని ఎత్తుకుని వెనక దొడ్డి నుంచి నడిచిపోయాడు. వాక్యాలన్నీ ఇంతే. ఎక్కడా నాలుక తడబడలేదు.

సుశీల ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మధ్యలో ఆపనా అంటే వద్దని తల ఊపింది.

అధ్యాయం అయింది. మూయలేకపోయాను. "రెండు పేజీలయినంక పక్కింట్ల పెండ్లి ఉన్నది బిడ్డా, గక్కడిదాంక చదివి ఆపుత" అన్నాను.

"వద్దు బాపు. ఇయ్యాల పెండ్లి వద్దు. గీన్నే ఆపు."

ఆపాను. నా జీవితంలో మొదటిసారి చావు దగ్గర పుస్తకం మూశాను.

పుస్తకం పక్కన పెట్టి లేవబోతుంటే అడిగింది. "నా ఇద్దర్ని ఏడ వెట్టినవు?"

తల్లికి పూడ్చిన జాగ చెప్పరు. చెబితే మనసు అక్కడే తిరుగుతుందని, తరువాతి కాన్పు నిలవదని. నాకూ తెలుసు. అయినా చెప్పాను. చింతమడక తొవ్వలో మన సాలోళ్ల బొందలగడ్డ లేదా, దానికి ఎగువన, రేలచెట్టు కింద. ఇద్దరూ పక్కపక్కనే. ఇద్దరికీ చుట్టిన గుడ్డలు నేను నేసినవే. పెద్దదానికి జుట్టు బాగా ఉండె. చిన్నవాడికి నీ గదవే. పెట్టినంక నేను వెంటనే రాలేదు బిడ్డా, పొద్దు గూకేదాకా గాన్నే కూసున్న.

"గదవ నాదేనా?" అంది.

"నీదే."

గడ్డం మీద వేళ్లు పెట్టుకుని అలాగే నిద్రపోయింది. మూడు నెలల్లో మధ్యాహ్నం నిద్రపోవడం ఇదే.

ఆశ్వయుజ బహుళ తదియ

ఏమీ కాలేదు. బిడ్డ కదులుతోంది.

ఆశ్వయుజ బహుళ చవితి

ఏమీ కాలేదు. లచ్చవ్వ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది.

ఆశ్వయుజ బహుళ దశమి

ఏమీ కాలేదు. ఏమీ కాదు కూడా. నాకు ముందే తెలుసు. (తెలియదు. దేవుడి దగ్గర దీపం ఆరకుండా చూస్తున్నాను.)

సుశీల తన ఇద్దరి గురించి రోజూ ఏదో ఒకటి అడుగుతోంది. చెబుతున్నాను. తరువాత నవల చదువుతున్నాను. మళ్లీ ఏడు మాటల ముళ్లు. దావా ఇంకా తెగలేదు. ఇప్పుడు మాత్రం సౌదామిని ఏడ్చిన చోట కళ్లకలక అని చెప్పాల్సిన పని లేదు. ఇస్తారి బజారులో కలిసి ఎక్కడిదాకా వచ్చావని అడిగాడు. సగం దాటానన్నాను. టీ తాగించాడు.

కార్తీక శుద్ధ ఏకాదశి

పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. కొండవ్వ వచ్చింది. నన్ను వాకిట్లోకి తరిమారు. నవల చంకలోనే ఉండిపోయింది. తెరిచాను, ఒక్క అక్షరం కనబడలేదు.

కార్తీక శుద్ధ ఏకాదశి, మధ్యాహ్నం

ఏడ్చింది.

కార్తీక శుద్ధ ఏకాదశి, సాయంత్రం

ఆడపిల్ల. ఏడ్చింది. ఇంకా ఏడుస్తోంది. ఎంత గట్టి గొంతు, వీధి చివర మగ్గం దగ్గరున్నవాళ్లు విని వచ్చారు. తల్లి బాగుంది. నా బిడ్డ బాగుంది. నా బిడ్డకు బిడ్డ పుట్టింది. నేను వీధిలో అందరికీ చెప్పాను, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పాను. రాజానికి మనిషిని పంపాను. లచ్చవ్వ బయటికి వచ్చి నన్ను చూసి "గా బుక్కు వక్కకు వెట్టు, పిల్లను వట్టుకో" అంది. ఇన్ని రోజుల తరువాత నాతో అన్న మొదటి మాట. పట్టుకున్నాను. నూలు కట్ట అంత బరువు లేదు. ఇంతకంటే ఏం రాయను. ఆ మహానుభావుడు అయితే పేజీంపావు రాసేవాడు.

కార్తీక బహుళ దశమి

పేరు పెట్టే దగ్గర గొడవ. పిల్ల బతకాలంటే దిష్టి తగలని పేరు, పెంటమ్మ అని పెట్టాలని కొండవ్వ పట్టుబట్టింది. రాజం ప్రమీలాదేవి అన్నాడు.

"గంత పెద్ద పేరు మొయ్యాలంటె పిల్ల ఇంక జర పెద్దగ గావాలె గద పిలగా" అంది కొండవ్వ.

"మోస్తది" అన్నాడు. అల్లుడు అంత గట్టిగా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. ప్రమీలాదేవి. మోస్తుంది.

మార్గశిర శుద్ధ త్రయోదశి

సుశీలకు నెల వెళ్లింది. పొద్దున్నే కచ్చురం కట్టించమంది. ఎక్కడికని నేను అడగలేదు.

"బాలింతను గాడికి తోల్కపోతరా" అని లచ్చవ్వ మొదలుపెట్టింది. సుశీల చెప్పులు వేసుకుంది. పిల్లను కొండవ్వ ఒళ్లో పెట్టి మేం వాకిట్లోకి వచ్చేసరికి లచ్చవ్వ మాకంటే ముందు కచ్చురం ఎక్కి కూర్చుంది. మొహం అటు తిప్పుకుంది.

రేలచెట్టు ఆకులు దులుపుకుని ఉంది. ఇద్దరి జాగాలూ చూపించాను. నేను పెట్టిన రాళ్లు అలాగే ఉన్నాయి. సుశీల కూర్చుని రెండింటి మీదా చెయ్యి పెట్టింది, దీని మీద కొంతసేపు, దాని మీద కొంతసేపు. ఏడవలేదు. గాలి చల్లగా ఉంది.

లచ్చవ్వ వెనకాల నిలబడే ఉంది. అక్కడి నుంచే అంది.

"పెద్దది సిద్ధమ్మ. చిన్నోడు దుబ్బయ్య."

మేమిద్దరం వెనక్కి తిరిగాం.

"వానికి కడుపుల ఉన్నప్పుడే పెట్టుకున్న. ఒకసారి పోయింది గదా, కొండవ్వ చెప్పిన పెంటమ్మ లెక్కనే, దుబ్బయ్య అని పిలుస్తె ఉంటడేమో అని. మనసుల రోజు పిలిచేదాన్ని" అంది.

ఇన్నేళ్లూ ఆ రెండు పేర్లు నా పక్కన పడుకున్న మనిషి దగ్గర ఉన్నాయి. నాకు తెలియదు. సుశీల లేచి వాళ్లమ్మను పట్టుకుంది. నేను కాసేపు ఎద్దుల దగ్గరికి వెళ్లాను.

ఇక్కడ రాసి పెడుతున్నాను. నాకు మనవలు ముగ్గురు. సిద్ధమ్మ, దుబ్బయ్య, ప్రమీలాదేవి.

ఇంటికి వచ్చి, పిల్లకు పాలిచ్చి సుశీల పడుకుంది. నేను నవల తీసి మిగిలిన దావా అధ్యాయం వెతుకుతుంటే లచ్చవ్వ వచ్చింది.

"గది గాదు. పిలగాడు పోయిన కాడ సదువు. గప్పుడు నేను చెవులు మూసుకున్న" అంది.

ఆ పేజీలు తీశాను. లచ్చవ్వ చాట తెచ్చుకోలేదు. వట్టి చేతులతో నా ఎదురుగా కూర్చుంది. చదివాను.